కాలువ అంచున గాలం

చేపల గురించి నేను రాస్తే పులుసు గురించే అనుకుంటారు మీరు. పులుసూ వస్తుంది, కాకపోతే చివర్లో. ముందు గాలం సంగతి చెప్పాలి.

మాది ఉరవకొండ. పక్కనే పెన్నా ఉందని పేరే గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో ఇసుకే. పెన్నహోబిలం పోయినప్పుడల్లా మా పిల్లలు ఇసుకలో ఆడుకున్నారే తప్ప నీళ్ళలో దిగింది లేదు. మాకు నీళ్ళంటే హెచ్చెల్సీ కాలువ నీళ్ళే. హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాం నుంచి బళ్ళారి మీదుగా వస్తాయి. డ్యాం నిండితే వదులుతారు, ఎండాకాలానికి కాలువ ఎండిపోతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, తాత్కాలిక గేటు పెట్టేదాకా వారం రోజులు మా వీధిలో వేరే మాటే లేదు.

ఆ నీళ్ళతో పాటే చేపలూ వస్తాయి. బొచ్చె, రోహు, జిలేబి. మా మామకు డెబ్భై ఆరేళ్ళు. కాలువ పారినన్నాళ్ళూ పొద్దున్నే గాలం తీసుకుని గట్టుకు పోతాడు. వెదురు బద్ద, నైలాను దారం, జొన్న దంటుతో చేసిన బెండు, పాత డబ్బాలో తడిమట్టి, ఎర్రలు. ఎర్రలు దొరకనినాడు నా దగ్గరికొచ్చి గోధుమపిండి ముద్ద అడుగుతాడు. అంతే ఆయన సామాను.

పోయినేడు మావాడు, ఇంటర్ చదివేవాడు, “నేనూ అబ్బతో పోతా” అన్నాడు. మా వైపు తాతను అబ్బ అంటాం. నాకు గుండె ఝల్లుమంది. మా వెనక వీధి పిల్లవాడొకడు ఆ కాలువలోనే కాలుజారి పోయాడు. వాళ్ళమ్మ ఇప్పటికీ ఆ దోవన నడవదు. వద్దంటే వీడు నాకు చెప్పకుండా స్నేహితులతో పోతాడు. ఆ వయసు నాకు తెలుసు. అందుకే, “నేనూ వస్తా పదండి” అన్నాను. మామ నవ్వి, “రామ్మా, సప్పుడు మాత్రం చెయ్యద్దు” అన్నాడు.

అక్కడ కూర్చున్నాక ఒక సంగతి అర్థమయింది. గోదావరి పక్కన పుట్టిన పిల్లలకు ఈత ఎవరూ కూర్చోబెట్టి నేర్పనక్కర్లేదు. రేవులో ఆడుతూనే నేర్చుకుంటారు. మన కరువు ఊళ్ళ పిల్లలకు ఏ లోతు ఎట్లాంటిదో, నీటి లాగుడు ఎట్లుంటుందో తెలిసే దారే లేదు. ఉన్నట్టుండి ఒకనాడు కాలువ నిండా నీళ్ళు కనిపిస్తే సంబరంగా దిగుతారు. పైకి మెల్లగా పారుతున్నట్టే ఉంటుంది. సిమెంటు వాలు మీద పాచి. కాలు పెట్టామా జారిందే, పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

మామ వీడికి మొదట గాలం చేతికివ్వలేదు. ఒక ఎండు పుల్ల నీళ్ళలో వేయించి, దాని వెంట గట్టు మీద పరుగెత్తమన్నాడు. రెండు నిమిషాలకే వీడు రొప్పుతూ ఆగిపోయాడు, పుల్ల ముందుకు పోయింది. “సూసినావు కదా, అదీ నీళ్ళ బలం” అన్నాడు.

తర్వాత నేర్పినవి నేను వంటింటి తలుపు మీద రాసి పెట్టాను. వాలు మీదికి దిగకూడదు. ఒంటరిగా పోకూడదు. ఎవరైనా పడితే వెనకే దూకకూడదు. మూత బిగించిన ఖాళీ నూనె క్యానుకు తాడు కట్టి ఎప్పుడూ పక్కనుంచుకోవాలి, అది విసరాలి. తనే పడితే ఎదురీదకుండా వెల్లకిలా తేలుతూ మెట్ల దాకానో వంతెన దాకానో పోవాలి.

మా మరిది కొడుకు అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో ఉంటాడు. అక్కడి కొలంబియా నది మన కాలువలాంటిది కాదు, మహానది. సముద్రం నుంచి సాల్మన్లు, స్టీల్‌హెడ్ అనే ట్రౌట్లు గుడ్లు పెట్టడానికి ఆ నదిలోనే ఎదురెక్కుతాయి, మన గోదావరిలో పులసలాగ. ఒకరోజు ఒడ్డున నిలబడి వీడియో కాల్ చేశాడు. అక్కడ గాలం వేయడానికి లైసెన్సు ఉండాలట. వేగానికి కొట్టుకుపోకుండా దారానికి బరువైన సీసం కడతారు. కర్రను నేలలో పాతిన గొట్టంలో నిలబెట్టి, కొసకు చిన్న గంట తగిలించి కుర్చీలో కూర్చుంటారు. చేప లాగితే గంట మోగుతుంది. “అంత పెద్ద నదిలో ఒడ్డు పక్కనే వేస్తారేమిరా?” అని మావాడు అడిగితే, “నడుమ వేగమెక్కువ. ఎదురెక్కే చేపలు ఒడ్డు పక్కన నెమ్మది నీళ్ళలోనే పోతాయి” అన్నాడు.

మామ పక్కనుంచి విని, “మరి నేను చెప్పేదేమి? వంతెన స్తంభం వెనక, తూము పక్కన నీళ్ళు తిరిగే చోట వేస్తే సాలు. నడుమకు పోయేపనే లేదు” అన్నాడు. నాకు ఆ మాటతో సగం భయం తగ్గింది. చేప దొరికే చోటు అంచులోనే ఉందని తెలిసినవాడు లోపలికి ఎందుకు దిగుతాడు?

మిగతా సగం భయం తగ్గలేదు, తగ్గనక్కర్లేదు కూడా. నేను పోతూనే ఉన్నాను. ఇంకో మాట చెప్పనా? పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది. చేతిలో పనేమీ లేకుండా రెండు గంటలు ఊరికే కూర్చున్నది ఆ గట్టు మీదే. కాలువ పారినన్నాళ్ళు అది నా హక్కని ఇంట్లో చెప్పేశాను.

మావాడికి నాలుగోరోజు జిలేబి పడింది, అరచేయంత. “దీన్ని పోనీరా” అన్నాడు మామ. వదిలేశాడు. ఆ వారం మామకు కిలో పైనే ఉన్న రోహు దొరికింది. వేయించిన వేరుశనగల పొడి, చింతపండు వేసి పులుసు పెట్టి, రాగి సంగటి చేశాను. వెనక వీధి ఆమెకు గిన్నెలో పట్టుకుపోయాను గానీ, ఏం పులుసో చెప్పడానికి నోరు రాలేదు. ఆమే మూత తీసి చూసి, “కాలువదేనా?” అని అడిగింది. అవునన్నాను. కాసేపాగి, “పిల్లోనికి ఈత నేర్పించు” అంది.

ఈ ఎండాకాలం సెలవులకు మావాణ్ణి అనంతపురంలో ఈతకు చేర్చాం. వాళ్ళ చెల్లెల్ని కూడా. మీ ఊళ్ళో ఆడపిల్లలకు ఈత ఎవరు నేర్పుతున్నారు? చెప్పండి, నాక్కూడా నేర్చుకోవాలనుంది.