మా ఇంటి లహరేదార్ జుట్టు

మా అమ్మీ దగ్గర సన్నపళ్ళ కంఘీ ఒకటుండేది. పొద్దున్నే వన్‌టౌన్‌లో మా ఇంటి గుమ్మంలో నన్ను కూర్చోబెట్టి, అరచేతి నిండా కొబ్బరి నూనె పోసి, పొడి జుట్టుని మాడు దగ్గర్నుంచి కిందికి లాగేది. "యా అల్లా, ఇవి బాల్ కాదే, పోర్టు తాళ్ళు" అనేది. అబ్బా పోర్టులో ఖలాసీ. ఓడని కట్టే తాడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

పోయిన రంజాన్ తర్వాత మా అమ్మాయి ఈదీ డబ్బులన్నీ పోగేసి, ఖాలా కూతురి షాదీ కోసం పార్లర్‌లో జుట్టు సీదా చేయించుకుంది. వెంట వెళ్ళింది నేనే. ఆ క్రీము పొగకి ఇద్దరి కళ్ళూ మండాయి. అలాంటి కొన్ని క్రీములు వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ వదులుతాయని తెలిసిన జర్నలిస్టుని, నోరు మూసుకుని కూర్చున్నాను. నా బచ్‌పన్ పోర్టు తాడు దాని నెత్తిన లేకపోతే చాలనుకున్నాను.

నాలుగు నెలలకి మాడు దగ్గర అలలు, కింద చీపురు పుల్లలు. మందు పనిచేసేది అప్పటికే పెరిగిన వెంట్రుక మీదే. కుదుళ్ళ నుంచి వచ్చేది తన తీరునే వస్తుంది. ఆ రెండూ కలిసే చోట పుటుక్కున తెగేది. వుజూ చేసి అద్దం ముందు నిలబడి అది ఏడుస్తుంటే, తప్పు నాదేనని చెప్పుకున్నాను.

అప్పుడు మొదలైంది మా చదువు. ఓప్రా విన్‌ఫ్రీ జుట్టు చూసే ఆండ్రే వాకర్ 1990ల్లో జుట్టుని నాలుగు రకాలుగా విడదీశాడు. 1 సీదా, 2 లహరేదార్, 3 ఉంగరాలు, 4 మరీ బిగుతు చుట్టలు. రెండో రకంలో మళ్ళీ 2ఏ అంటే లేత అల, 2బీ అంటే సగం నుంచి కిందికి వంపులు, 2సీ అంటే మాడు నుంచే ఒత్తుగా. తెలుసుకోవడం ఆసాన్. తలంటుకుని, ఏమీ రాయకుండా, దువ్వకుండా ఆరనిచ్చి చూడాలి. మా అమ్మాయిది 2బీ.

అమ్మీ చేసిందంతా ఉల్టా అని అప్పుడు అర్థమైంది. ఇలాంటి జుట్టుని పొడిగా దువ్వితే అలలు విడిపోయి రేగిపోతాయి. తడిగా, కండిషనర్ ఉన్నప్పుడే, వెడల్పు పళ్ళ కంఘీతో, కొసల నుంచి పైకి చిక్కు తీయాలి. నూనె ఎక్కువైతే అల బరువుకి సాగిపోతుంది, అందుకని తలంటుకి ముందే కొంచెం. తువ్వాలుతో రుద్దకుండా అబ్బా పాత కాటన్ లుంగీతో అదుముతాం. పూర్ణా మార్కెట్లో అవిసె గింజలు కొని, ఉడికించి వడకడితే జిగురొస్తుంది. తడి జుట్టుకి అది పట్టించి గుప్పిట్లో నలిపి వదిలేస్తే విశాఖ ఉక్కపోతలో కూడా అల నిలబడుతుంది. సముద్రపు గాలిలో తేమ జుట్టులోకి దూరి రేపడం కాస్త తగ్గుతుంది. (బోరు నీళ్ళ ఇళ్ళలో ఆఖరి చెంబు మంచినీళ్ళు పోసుకుంటే ఇంకా మేలు.)

ఇంకో మాట మన ఆడపిల్లలకి. కాలేజీ తొందరలో తడి జుట్టు మీదే స్కార్ఫ్ బిగించకండి. మాడు వాసనొస్తుంది, దురద. ఎలాగూ దుపట్టా కిందే కదా అని నేనూ ఇరవై ఏళ్ళు అలాగే చేశాను.

హుజూర్ (స) జుట్టు బొత్తిగా సీదాగానూ, మరీ వంకీలుగానూ ఉండేది కాదని హజ్రత్ అనస్ (రజి) రివాయత్. స్కూల్లో ఉర్దూలో చదువుకున్నాను. నా జుట్టు కూడా ఆ మధ్యలోదేనని ఒక్కనాడూ తోచలేదు.

మొన్న ఆదివారం అమ్మాయి కత్తెర నా చేతికిచ్చింది. సీదా కొసలు నాలుగు వేళ్ళ మేర కోసేశాను. "ఇప్పుడు నువ్వు కూర్చో అమ్మీ" అంది. నాది 2సీ అని తేల్చింది. మంచం మీంచి మా అమ్మీ కళ్ళజోడు సర్దుకుని చూస్తూ, "నాది కూడా చూడవే" అంది.