ముఖం చాటేసిన ఏడాది

బావమరిది పెళ్ళిలో పెద్దమామయ్య నన్ను పక్కకి పిలిచి, “పొద్దున్నే మొదలెట్టావా అల్లుడూ?” అన్నాడు. నేను మందు ముట్టను. నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ తర్వాత ఏడాదిపాటు ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆన్ చెయ్యలేదు.

మొటిమలేగా, ఇంజనీరింగ్ హాస్టల్ రోజుల్నించీ ఉన్నవే అనుకునేవాణ్ణి. మెడికల్ షాపతను ఇచ్చిన ట్యూబు రాస్తే రెండ్రోజుల్లో తగ్గేది, మానేస్తే రెట్టింపై తిరిగొచ్చేది. బగ్ ఎక్కడుందో చూడకుండా వారం వారం సర్వర్ రీస్టార్ట్ చేసినట్టు. ఆఫీసులో ఎవరైనా ఆ పని చేస్తే నేనే తిట్టేవాణ్ణి.

చివరికి స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆవిడ లెన్సుతో చూసి, “బ్లాక్‌హెడ్స్ ఏవీ?” అన్నారు. మొటిమలైతే చర్మరంధ్రాలు మూసుకుపోయి నల్లచుక్కలో తెల్లచుక్కలో కనబడతాయి. రోజేషియాలో అవి ఉండవు. బుగ్గలూ ముక్కూ కందిపోతాయి, మంట పుడుతుంది, సన్నటి రక్తనాళాలు పైకి తేలతాయి. మన చామనఛాయలో ఆ ఎరుపు సరిగ్గా తెలియక మొటిమల ఖాతాలో పడిపోతుందట. ఇక నా ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. చర్మాన్ని పలచబరిచి, జబ్బుని ముదరబెట్టింది అదే.

ట్యూబు ఆపిన మొదటి నెల నరకం. తర్వాత మెట్రోనిడజోల్ జెల్, కొన్ని వారాలు డాక్సీసైక్లిన్, రోజూ సన్‌స్క్రీన్. ఏ రోజు ఎందుకు కందిందో రాసుకుంటూ పోతే ఎండ, పొగలుగక్కే టీ, ఆవకాయ దొరికిపోయాయి. ఇది పూర్తిగా పోయేది కాదు, అదుపులో ఉండేది.

ఆ రోజుల్లోనే గిర్లాండాయో 1490 ప్రాంతంలో వేసిన తాతామనవళ్ళ బొమ్మ కంప్యూటర్లో చూశాను. అసలుది పారిస్‌లో, లూవ్ర్‌లో ఉంది. తాత ముక్కంతా బుడిపెలు. రోజేషియా ముదిరినప్పుడు వచ్చే రైనోఫిమా అలాగే ఉంటుంది. చిత్రకారుడు దాన్ని దాచలేదు. మనవడు తాత గుండె మీద చెయ్యేసి, ఆయన ముఖంలోకే చూస్తున్నాడు.

మొన్న ఎండలోంచి ఇంటికొస్తే మా నాలుగేళ్ళ పాప అడిగింది: “నాన్నా, కోపమొచ్చిందా?”

“లేదమ్మా, నా చర్మం అంతే. ఎండ తగిలితే కందిపోతుంది.”

“సరే,” అని బొమ్మల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఈ పాటి మాట పెద్దమామయ్యకి ఆ రోజే చెప్పుండాల్సింది.