అమ్మ కాల్షీట్లు ఇచ్చింది!

పెద్ద హీరో కాల్షీట్లు సంపాదించడం నిర్మాతకి తలకు మించిన పని అంటారు. మా అమ్మ కాల్షీట్లు సంపాదించడం అంతకన్నా కష్టమండీ! నాన్న పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో ఆవిడ హబ్సిగూడ దాటి వెళ్ళిన దూరం యాదగిరిగుట్ట వరకే. అలాంటి మనిషి ఒకరోజు చాయ్ గ్లాసు నా ముందు పెట్టి, "ఎప్పుడన్న మంచు చూసొద్దాం బిడ్డా" అంది. చాయ్ చల్లారిపోయేదాకా నేను తేరుకుంటే ఒట్టు!

ఇక నా సంగతి. పత్రికలకు రాసుకుని బతికే ఫ్రీలాన్సర్‌ని. పారితోషికాల్లోంచి వెనకేసిన డబ్బు ఒక్క ప్రయాణానికి సరిపోతుంది. రెండో టేకుకి ఫిల్ము లేదన్నమాట! స్కీయింగ్ నేర్చుకోవాలని కాలేజీ రోజుల నుంచీ నా కోరిక. అమ్మ మంచు, నా స్కీలు... ఒకే ట్రిప్పులో రెండూ అయిపోవాలి. మన దేశంలో స్కీయింగ్ అనగానే ముందుగా వినిపించే పేర్లు కాశ్మీర్లో గుల్‌మార్గ్, ఉత్తరాఖండ్‌లో ఔలీ. ఎక్కడికి వెళ్ళాలి?

నా ఓటు గుల్‌మార్గ్‌కే. సినిమా పిచ్చివాళ్ళకి వేరే కారణం కావాలా చెప్పండి! రాజ్‌కపూర్ 'బాబీ' (1973)లో రిషికపూర్, డింపుల్ గదిలో చిక్కుబడిపోయే పాట తీసింది అక్కడే. ఆ ఇంటిని ఇప్పటికీ 'బాబీ హట్' అనే పిలుస్తారు. 'ఆప్ కీ కసమ్' (1974)లో రాజేష్ ఖన్నా, ముంతాజ్ చిందులేసిన శివాలయం కూడా అక్కడిదే. తర్వాత రోజులు మారాయి. 1992లో 'రోజా' వచ్చేనాటికి కాశ్మీర్లో కెమెరా పెట్టే పరిస్థితి లేదు. మణిరత్నం మనకి చూపించిన కాశ్మీరు చాలావరకు మనాలీ, ఊటీ ప్రాంతాలే! 'సీతారామం' (2022) నాటికి మన తెలుగు యూనిట్లు మళ్ళీ కాశ్మీరు మంచులో నడిచాయి.

అమ్మ ఓటు మాత్రం ఔలీకి. ఎందుకంటారా? ఔలీకి కింద ఉన్న ఊరు జోషీమఠ్. అక్కడ నరసింహస్వామి గుడి ఉంది. చలికాలం బదరీనాథ్ ఆలయం మూసేశాక పూజలు జరిగేది ఆ జోషీమఠ్ ప్రాంతంలోనే. ఆ నరసింహ విగ్రహం చెయ్యి నానాటికీ సన్నబడుతోందనీ, అది విరిగిననాడు బదరీ దారి మూసుకుపోతుందనీ అక్కడివాళ్ళ నమ్మకం. మా ఇలవేల్పు గుట్ట నరసింహుడు. ఇంకేం, అమ్మ మనసు అటే మొగ్గింది. నిజం చెప్పొద్దూ, ఔలీని తీసిపారేయడానికీ లేదు. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగిన చోటు. నందాదేవి శిఖరం ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది. నాలాంటి కొత్తవాళ్ళు నేర్చుకోవడానికి వీలైన వాలు.

సరే, అమ్మ మాటే నెగ్గనీ అనుకున్నాను. అనుకుని, యూనివర్సిటీలో సాయంకాలం నడకకి ఆవిణ్ణి వెంటబెట్టుకెళ్ళాను. ఆర్ట్స్ కాలేజీ ముందరి మెట్లు నాలుగు ఎక్కేసరికి అమ్మ మోకాలు పట్టుకుని కూర్చుండిపోయింది. అప్పుడు నాకు బుర్రలో లైటు వెలిగింది. రిషీకేశ్ నుంచి జోషీమఠ్‌కి సుమారు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. పోనీ జోషీమఠ్ నుంచి ఔలీకి రోప్‌వేలో హాయిగా వెళ్దామా అంటే, 2023 జనవరిలో ఊరు కుంగి ఇళ్ళు పగుళ్ళిచ్చినప్పుడు దాన్ని ఆపేశారు. అప్పుడు ఆ నేల అడుగున ఏముందో పరీక్షించడానికి వెళ్ళిన శాస్త్రజ్ఞుల్లో మన హబ్సిగూడ పక్కనే ఉన్న ఎన్.జి.ఆర్.ఐ. వాళ్ళూ ఉన్నారు! రోజూ ఆ గేటు ముందునుంచే వెళ్తూ కూడా ఔలీ పేరెత్తినప్పుడు ఆ సంగతే నాకు తట్టలేదు.

అన్నిటికన్నా అసలు ప్రశ్న ఇంకోటి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నేను మంచులో పడుతూ లేస్తూ ఉంటే, అమ్మ ఏం చేస్తుంది? హోటలు గదిలో కిటికీ దగ్గర కూర్చుంటుంది. అంటే హబ్సిగూడలో చేస్తున్న పనే, కాస్త చలిలో!

గుల్‌మార్గ్‌లో అలా కాదు. శ్రీనగర్లో విమానం దిగితే దారి యాభై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి గొండోలా, అంటే తీగల మీద నడిచే పెట్టె, మొదటి దశ 1998లో కొంగ్‌డూరి వరకు, రెండో దశ 2005లో అఫర్వాత్ కొండ పైదాకా వచ్చింది. స్కీ కట్టనివాళ్ళు కూడా అందులో కూర్చుని మంచు మధ్యకి వెళ్ళొచ్చు. గాలి, మంచు ఎక్కువైతే ఆపేస్తారు, అది వేరే సంగతి. కాళ్ళు బాగున్న నాకు ఏ వాలైనా ఒకటే. ఊరు ఎంచుకోవలసింది స్కీ చేసేవాళ్ళని బట్టి కాదు, చెయ్యనివాళ్ళని బట్టి!

అయితే అమ్మకి ఒక మాట దాచకుండా చెప్పాలి. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో పర్యాటకుల మీద దాడి జరిగింది. ఇరవై ఆరు ప్రాణాలు పోయాయి. ఆ రోజు టీవీ కట్టేసి దేవుడి గదిలోకి వెళ్ళిపోయిన మనిషి ఈవిడే. మోకాళ్ళ సంగతీ, రోప్‌వే సంగతీ, పహల్గామ్ సంగతీ అన్నీ ముందు పెట్టి, "నువ్వే తేల్చమ్మా. ఇక్కడికీ వద్దంటే ఊటీ పోదాం" అన్నాను.

రెండు రోజులు ఉలుకూ లేదు, పలుకూ లేదు. మూడోనాడు పప్పు గిన్నె దించుతూ తీర్పు చెప్పింది: "నర్సింహస్వామి మన గుట్టల గూడ ఉన్నడు. ఆ తీగల మీద పోయే డబ్బా గుట్టల లేదు గద!"

నవ్వాగలేదు నాకు. ఆ తర్వాత మెల్లగా మరో రహస్యం బయటపడింది. అమ్మ కాలేజీ చదువుతున్నప్పుడు ఇంట్లో చెప్పకుండా మార్నింగ్ షోకి వెళ్ళి 'బాబీ' చూసిందట! పెళ్ళయ్యాక ఆ మాట చెబితే, నాన్న ఎప్పటికైనా ఆ కొండలు చూపిస్తానన్నాడట. ముందు మా చదువులు, తర్వాత ఇల్లు, ఆ తర్వాత ఆస్పత్రి... మాట మాటగానే ఉండిపోయింది.

"మరి భయం లేదా అమ్మా?" అన్నాను.

"ఉంది. ఇంట్ల ఒక్కదాన్నే కూసుంటే లేదా?" అంది.

దానికి నా దగ్గర డైలాగు లేదు.

టిక్కెట్లు ఫిబ్రవరికి. బయల్దేరేముందు అక్కడి పరిస్థితులు కనుక్కుంటాం. బాగోలేదంటే మానేస్తాం, మొండితనం ఏమీ లేదు. ప్రస్తుతానికి అమ్మ నాన్న స్వెట్టరు బీరువాలోంచి తీసి ఎండలో వేసింది. చేతులు కొంచెం పొడుగైనా పర్వాలేదట.

నేను మంచులో ఎన్నిసార్లు పడ్డానో తిరిగొచ్చాక చెబుతాను. అమ్మ పైనుంచి లెక్కపెడుతూ ఉంటుంది కదా!