మార్కుల పత్రము – నేను మధ్యలో ఆపిన అనువాకము



ఇది శాస్త్రచర్చ కాదు. ఒక తండ్రి చేసికొన్న ఆత్మపరీక్షగా దీనిని స్వీకరింప ప్రార్థన.

గత వేసవిలో మా చిన్నవాని ఇంటర్మీడియట్ ప్రథమ సంవత్సర ఫలితములు వెలువడినవి. వాడు బైపీసీ విద్యార్థి. వృక్షశాస్త్రములోను, జంతుశాస్త్రములోను ముచ్చటైన మార్కులు. భౌతికశాస్త్రములో మాత్రము 60కి 24. అప్పటి పద్ధతిలో ఉత్తీర్ణతకు 21 చాలినందున తప్పలేదు, అంతే. ఆ రాత్రి వాడు అన్నము ముట్టలేదు. "ఇంక గరివిడి లేనట్టే నాన్నగారూ" అని ఒక్క మాట అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

గరివిడి మా విజయనగరం జిల్లాలోనిదే. తిరుపతి కేంద్రముగా 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందిన కళాశాల ఒకటి అచ్చట ఉన్నది. వానికి ఆ కోరిక ఎట్లు కలిగినదో నేనెరుగుదును. మూడేండ్ల క్రిందట కార్తీకమాసములో ఒక రాత్రి మా ఆలయపు ఆవు ఈనలేక బాధపడినది. దూడ అడ్డము తిరిగినది. వానకు గెడ్డ పొంగి దారి తెగినందున వైద్యుడు వచ్చుసరికి తెల్లవారినది. ఆవు దక్కినది, దూడ దక్కలేదు. రాత్రియంతయు దీపము పట్టుకొని నిలబడినవాడు మా చిన్నవాడే. "మనకే ఆ పని తెలిసి ఉంటే బతికేది కదా" అని ఆనాడు వాడు అడిగినదానికి నావద్ద సమాధానము లేకపోయినది.

ఇప్పుడు దాచుకొన్న మాట చెప్పవలెను. ఆ 24ను చూచి నేను విచారించిన మాట సత్యమే. కాని ఆ విచారము అడుగున ఒక సన్నని ఊరట కూడ ఉన్నది. పెద్దవాడు ఉద్యోగార్థము హైదరాబాదు చేరినాడు. నా తరువాత స్వామికి హారతి ఇచ్చువాడు ఎవడు? ఈ చదువు సాగనిచో వీడైనను నాచెంత నిలుచునేమో అని మనస్సు లోలోపల లెక్క కట్టినది. పైగా రక్తమాంసములు తాకు వృత్తి అర్చకుని కుమారునికి తగునా అను శంక ఎప్పటినుండియో ఉన్నది. దానికి శాస్త్రబలము కూడ ఉన్నదని నా ధీమా.

ఆ శాస్త్రము తైత్తిరీయసంహిత ఆరవ కాండములోనిది. యజ్ఞమునకు శిరస్సు తెగినది. దేవతలు అశ్వినీదేవతలను పిలిచి, "మీరు వైద్యులు, ఈ తలను తిరిగి అతికింపుడు" అన్నారు. వారు ప్రతిఫలముగా సోమపాత్రలో తమకును భాగము కోరినారు. అప్పుడు దేవతలు, వీరు మనుష్యుల మధ్య సంచరించు వైద్యులు గనుక అపవిత్రులు అన్నారు. అందుచేత బ్రాహ్మణుడు వైద్యము చేయరాదని శ్రుతి అచ్చటనే పలికినది. నేను పట్టుకొన్నది ఆ వాక్యమును.

ఆ మరునాటి ఉదయము పారాయణలో ఆ అనువాకమే వచ్చినది. నలుబది ఏండ్లుగా నోట నడచుచున్నదే, కాని ఆనాడు చెవికి సోకినది. శ్రుతి ఆ వాక్యముతో ఆగలేదు. దేవతలు ఆ వైద్యులను బహిష్పవమానముతో పవిత్రులను గావించి, వారికి సోమపాత్రను ఇచ్చినారు. ఆ పైన వారి వైద్యశక్తిని మూడు భాగములు చేసి, ఒకటి అగ్నియందు, ఒకటి జలమునందు, మూడవది బ్రాహ్మణునియందు నిలిపినారు. ఆ మూడవ భాగమును నేను ఇన్నాళ్ళును పట్టించుకొననేలేదు. నాకు అనుకూలమైన చోట అర్థమును ఆపివేసి, దానికి శాస్త్రమని పేరు పెట్టినాను. తప్పిన మార్కు వానిది కావచ్చును, తప్పిన పాఠము నాది.

సాయంకాలము హారతి ముగిసిన పిదప వానిని కూర్చుండబెట్టి, లోపము ఎచ్చట ఉన్నదో చూడుమన్నాను. వాడు భౌతికశాస్త్రమును కూడ సంథ చెప్పుకొన్నట్లు వల్లె వేసినాడు. సూత్రములు నోటికి వచ్చును, లెక్క ఇచ్చినచో చేయి ఆగును. ఏ చదువైనను కంఠస్థము చేయుమని చిన్ననాటినుండి నేర్పినవాడను నేనే.

తరువాత భయమును కొలిచి చూచినాము. పశువైద్య పట్టపు చదువునకు సామాన్యవర్గము వారికి ఆంగ్లము, భౌతిక, రసాయన, జీవశాస్త్రములు కలిపి 50 శాతము మార్కులు కావలెను. అది మొత్తము మీది లెక్క, ఒక్క పత్రము దానిని మూసివేయదు. స్థానమును నిర్ణయించునది ప్రవేశపరీక్షలోని ర్యాంకు. అఖిల భారత కోటాలోని 15 శాతము స్థానములు నీట్ ర్యాంకుతో నిండును. ఆ పరీక్షలో 720 మార్కులకు జీవశాస్త్రము 360, భౌతికశాస్త్రము 180. కనుక 24తో ద్వారము మూసికొనలేదు, కాని నాలుగవ వంతును విడిచి లోనికి పోవుటయు సాధ్యము కాదు. ఈ రెండు మాటలను వానికి కలిపియే చెప్పినాను. ఒక్కటే చెప్పినచో అది బెదిరింపైనను అగును, బుజ్జగింపైనను అగును.

నా బాల్యములో క్రమపాఠ పరీక్షలో ఒక పనసలో స్వరము తప్పినాను. కాండమంతయు పోయినదని ఏడ్చినాను. మా గురువుగారు, "పోయింది పనస ఒక్కటేరా. దాన్నే పదిమార్లు చెప్పు" అన్నారు. చెప్పినాను. ఈనాటికిని ఆ పనస తప్పదు. మా వాడును మే నెలలో ఇంప్రూవ్‌మెంట్ పరీక్షకు కూర్చున్నాడు. ఈసారి 60కి 39.

ఆ పరీక్షకు ముందే నా ఊరట సంగతి వానితో చెప్పివేసినాను. కొంతసేపు మౌనముగా ఉండి, "నాకు తెలుసు నాన్నగారూ" అన్నాడు. "సెలవుల్లో హారతి నేనిస్తాను. మిగతా రోజుల సంగతి మాత్రం ఇప్పుడే మాట ఇవ్వలేను." ఆ సమాధానములో అసత్యము లేదు. నాకు అది చాలినది.

ఇప్పుడు వాడు రెండవ సంవత్సరము చదువుచున్నాడు. వేకువన అభిషేకమునకు నీళ్ళు తోడుకొని పోవునప్పుడు అరుగుమీద వాడు లెక్కలు చేయుచు కనిపించును. ప్రవేశపరీక్ష ఇంకను ముందున్నది. నా తరువాత హారతి ఎవరిదో నాకు నేటికిని తెలియదు. ఆలయపు ఆవు మరల చూడి కట్టినది.

స్వస్తి.