రగడ్నా, ఘిస్నా

మొన్న మొగుడంపల్లిలో అమ్మీ దగ్గరికి పోయినం. నా బిడ్డ తొమ్మిదో తరగతి. భూగోళం నోట్సు ముందేసుకుని అడిగింది: "అబ్బా, అబ్రేషన్‌కూ అట్రిషన్‌కూ ఫర్క్ ఏంది? రెండూ రాపిడే కదా?"

వెంటనే జవాబు రాలేదు. మా ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ ఫ్రిక్షన్‌ను 'రగడ్' అని చెప్పేవారు. తెలుగు డిగ్రీలో చేరాక అదే 'ఘర్షణ' అని తెలిసింది. పత్రికలో చేరాక మళ్లీ మారింది. రగడ అంటే అసెంబ్లీలో లొల్లి, ఘర్షణ అంటే ఎక్కడో రెండు వర్గాలు కొట్టుకోవడం. ఆ రెండో లఫ్జ్ వార్తలో కనిపిస్తే ఇప్పటికీ దిల్ ధడక్ మంటుంది, ముందు ఊరి పేరు చూస్తా.

నోట్సు తీసుకుని చదివా. నది తాను మోసుకొచ్చే ఇసుకతో, రాళ్లతో తన అడుగునూ ఒడ్డునూ గీకెయ్యడం అబ్రేషన్. ఆ రాళ్లు ఒకదానికొకటి తగిలి, మూలలు పోయి, గుండ్రంగా చిన్నవైపోవడం అట్రిషన్. పళ్ల డాక్టర్లూ ఇవే మాటలు వాడతారు. బ్రష్‌తో గట్టిగా రుద్ది పన్ను అరిగితే అబ్రేషన్, పన్నూ పన్నూ ఒరుసుకుని అరిగితే అట్రిషన్. మన రగడ్నా, ఘిస్నా వీటికి సరిగ్గా అతకవు. రగడ్నా అంటే రుద్దడం. ఘిస్నాలో అరిగిపోవడం కూడా ఉంది.

"అయితే దాదీ వేళ్లది అబ్రేషన్," అంటూ బిడ్డ ఆ మాట పక్కనే పెన్సిల్‌తో 'దాదీ' అని రాసుకుంది.

ఆ పొద్దున్నే రేషన్ దుకాణం నుంచి వచ్చినం. అమ్మీ బొటనవేలు పెడితే మెషీన్ తీసుకోలేదు. చూపుడువేలు. ఎడమచెయ్యి. కొంగుతో తుడుచుకుని మళ్లీ బొటనవేలు. వెనక లైన్‌లో గొణుగుడు. డెబ్బై ఏళ్ల మనిషి, ఏదో కసూర్ చేసినట్టు నా మొహం చూసింది. చివరికి కంటిపాపతో పనైంది, బియ్యం దొరికినయ్, అల్‌హందులిల్లాహ్.

వేలిముద్ర అంటే చర్మం మీది సన్నటి గట్లు. మోటు పనికి అరిగినా, పని మానితే కొన్నాళ్లకు మళ్లీ వస్తాయి. ముసలితనంలో చర్మం పలచబడి ఇంకా చదునవుతాయి. అయినా అమ్మీ పని మానిందెప్పుడు? అబ్బాజాన్ పోయాక షాదీల్లో దేగ్‌లు తోమి నన్ను చదివించింది. బూడిద, ఇటుక పొడి, కొబ్బరి పీచు.

అమ్మీకి ఇంగ్లీషు రాదు గానీ చెవులు తేజ్. లేచి లోపల్నుంచి పాత దేగ్చీ తెచ్చింది. కళాయి ఎప్పుడో పోయింది. అడుగు రేకులా పలచబడింది. మనవరాలి చేతిలో పెట్టి, "యే భీ ఘిసీ నా," అంది.

బిడ్డ దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. తర్వాత రబ్బరు తీసుకుని 'దాదీ'ని చెరిపేసి, కింద అట్రిషన్ పక్కన రాసుకుంది.

దేగ్చీకి దుమ్ము పట్టిందని అమ్మీ తీసుకుపోయి నల్లా దగ్గర తోమడానికి కూర్చుంది.