చక్కెర పొట్లం

తెనాలి స్టేషనులో రేపల్లె రైలు కొరకు నిలబడినప్పుడెల్లా నా చెయ్యి ఒకసారి చొక్కా జేబు తడుముకుంటుంది. టిక్కెట్టు కోసం కాదు. ఆ జేబులో కాగితంలో మడిచిన నాలుగు చెంచాల పంచదార ఉంటుంది. నాకు షుగరు వ్యాధి లేదు. అయినా రెండు సంవత్సరాలుగా ఆ పొట్లం లేకుండా నేను గ్రామ దర్శనానికి బయలుదేరలేదు. ఎందుకో చెప్పాలంటే ఈ దారి వెంట మిమ్మల్ని కూడా తీసుకువెళ్ళాలి.

తెనాలి మూడు కాలువల ఊరు. ఊరు దాటగానే రైలు వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లెకోనల మీదుగా సాగుతుంది. ఇరుప్రక్కలా కృష్ణ కాలువల క్రింద పండే మాగాణి. వరి కోతలైన తరువాత అదే పదును మీద మినుము మొలుస్తుంది. భట్టిప్రోలులో రెండువేల సంవత్సరాలు దాటిన బౌద్ధ స్తూపం ఉన్నది. రేపల్లెలో పట్టాలు ఆగిపోతాయి. ఆ పైన కృష్ణానది, అవతలి గట్టున దివిసీమ.

ఒకప్పుడు షుగరంటే పట్నవాసుల జబ్బు అనుకొనేవాళ్ళం. ఇప్పుడు ఈ పల్లెలలో ఎన్నో ఇళ్ళ గూళ్ళలో బైబిలు ప్రక్కన మాత్రల డబ్బా కనబడుతుంది. షుగరు పెరిగితే ప్రమాదమని అందరికీ తెలుసు. ఉన్నట్టుండి పడిపోతే అంతకంటె త్వరగా ప్రమాదమని నాకే తెలియదు, ఇక విశ్వాసులకేమి తెలుస్తుంది?

రేపల్లెకు దగ్గరలో ఒక పల్లె. అక్కడ శుక్రవారం ఉపవాస కూడిక. మా సంఘపెద్ద ఒకాయన, డెబ్బయ్యేళ్ళవాడు, ఎన్నడూ కూడిక మానేవాడు కాదు. ఆ రోజు ఆయన ఉదయమే షుగరు మాత్ర వేసుకొని, ఏమీ తినకుండా వచ్చాడు. పదకొండు గంటల వేళ ఆయన ముఖమంతా చెమటలు పట్టాయి. ప్రక్కవాడు పాటల పుస్తకం అందిస్తే విసురుగా త్రోసివేశాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి మాట తడబడుతూ ఏదో గొణిగాడు. వెనుక వరుసలో ఎవరో, “పెద్దాయన తాగి వచ్చాడా ఏంటి?” అన్నారు. కొందరు ఆత్మావేశమనుకున్నారు. నేను కళ్ళు మూసికొని ఇంకా గట్టిగా ప్రార్థన చేశాను.

ఆయన ప్రక్కకు ఒరిగిపోయాడు. అప్పుడు ఆయన మనవడు, ఇంటరు చదివే కుర్రవాడు, “అయ్యగారూ, తాతయ్యకు షుగరు పడిపోయింది” అని అరచి, ఎదురింట్లోకి పరుగెత్తి పంచదార నీళ్ళు తెచ్చాడు. అదృష్టవశాత్తు ఆయనకు ఇంకా స్పృహ ఉన్నది, మ్రింగగలిగాడు. పావుగంటకు కళ్ళు తేటపడ్డాయి. “ఏమైంది? కూడిక అయిపోయిందా?” అని అడిగాడు. ఆ మాట విని నేను సిగ్గుపడ్డాను. మనిషి నా ఎదుట కూలిపోతుంటే నేను కళ్ళు మూసికొని ఉన్నాను.

సాయంకాలం ఆయనను ఇంటిలో దిగబెట్టినప్పుడు వాళ్ళావిడ ఒక మాట అన్నది: “పొద్దున ఈ కుక్క ఆయన కాళ్ళకు అడ్డం పడతానే ఉందయ్యగారూ. చేతులు నాకతా కుయ్ కుయ్ మంటుంటే కర్రతో అదిలించాను.” అరుగు క్రింద మన ఊరి గోధుమరంగు కుక్క ఒకటి పడుకొని ఉన్నది. దానికి ఏదో తెలిసిందని నేను చెప్పను. ఆకలి వేసి కూడా తిరిగి ఉండవచ్చు. కాని ఆ మాట నన్ను వదలలేదు. దాని వెంటపడి కొంత చదివి తెలిసికొన్నాను.

2000 సంవత్సరం డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అనే వైద్య పత్రికలో డాక్టర్లు ముగ్గురు రోగుల సంగతి వ్రాశారు. వారి ఇళ్ళలోని పెంపుడు కుక్కలు, ఎవరూ నేర్పకుండానే, యజమానికి షుగరు తగ్గినప్పుడు వింతగా ప్రవర్తించేవి. తరువాత 2004లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డాగ్స్ ఫర్ డయాబెటిక్స్ అనే సంస్థ, 2008లో ఇంగ్లండులో మెడికల్ డిటెక్షన్ డాగ్స్ అనే సంస్థ మొదలై, కుక్కలకు ఈ పని నేర్పసాగాయి. షుగరు తగ్గినప్పుడు రోగి శ్వాసను, చెమటను దూది లాంటి వాటిమీద తీసి భద్రపరుస్తారు. ఆ వాసనను గుర్తుపట్టినప్పుడెల్లా కుక్కకు తినడానికేదైనా పెడతారు. నేర్చిన కుక్క యజమాని వాసన మారగానే కాలితో తడుతుంది, మీదికి ఎగురుతుంది, నిద్రలో ఉంటే లేపుతుంది, పరీక్ష చేసే సంచిని నోట కరచి తెస్తుంది.

కుక్క ఏ వాసన పట్టుతుంది? 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఎనిమిది మంది స్త్రీలకు జాగ్రత్తగా షుగరు తగ్గించి శ్వాసను పరీక్షించారు. ఐసోప్రీన్ అనే వాయువు వారి ఊపిరిలో పెరిగినట్లు కనుగొన్నారు. కుక్క పట్టేది దానినే కావచ్చునని వారి ఊహ. అయితే కుక్క కూడ తప్పిపోతుంది. 2019లో ప్రచురించిన ఒక పరిశీలనలో, శిక్షణ పొందిన 27 కుక్కలు షుగరు తగ్గినప్పుడు నూటికి ఇంచుమించు 83 సార్లు హెచ్చరించినట్లు తేలింది. అన్ని కుక్కలూ ఒకే తీరున లేవు. పైగా అటువంటి కుక్కను తయారు చేయడానికి మన డబ్బులో లక్షలవుతుంది. ఈ మధ్య చేతికి అంటించుకొని రాత్రింబగళ్ళు షుగరు చూపే పరికరాలు కూడ వచ్చాయి. వాటి ఖర్చు కూడ కూలికి పోయే ఇంటికి భారమే.

మరి మన ఇళ్ళలో కావలి ఎవరు? దానికి జవాబు బాపట్లలో దొరికింది.

రేపల్లె నుండి బాపట్లకు రైలులో పోవాలంటే మళ్ళీ తెనాలికి వచ్చి, చెన్నై లైను ఎక్కాలి. చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల దాటితే బాపట్ల. 2022 ఏప్రిల్ 4 నుండి అది జిల్లా కేంద్రం. రేపల్లె ఇప్పుడు ఆ జిల్లాలోనిదే, తెనాలి మాత్రం గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. 1945లో స్థాపించిన వ్యవసాయ కళాశాల ఆ ఊరికి పేరు తెచ్చింది. కాస్త దూరంలో సూర్యలంక సముద్రం.

అక్కడ నేను బస చేసిన ఇంటిలో తొమ్మిదవ తరగతి చదివే అమ్మాయి ఉన్నది. ఆమెకు చిన్ననాటి నుండి షుగరు. ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు గనుక రోజుకు నాలుగు ఇంజక్షన్లు. రాత్రి రెండు గంటలకు అలికిడై లేచి చూస్తే, తల్లి లైటు వేయకుండా బిడ్డ మంచం ప్రక్కన కూర్చుని మెడ వెనుక చెయ్యి పెట్టి చూస్తున్నది. చెమట ఉన్నదా, ఒళ్ళు చల్లబడిందా అని. అనుమానమైతే వేలు గుచ్చి పరీక్ష చేస్తుంది. ఏడేళ్ళుగా ప్రతి రాత్రీ ఇదే. ఉదయం నేను కుక్కల సంగతి చెబితే ఆ పిల్ల నవ్వి, “మా ఇంట్లో అమ్మే ఆ కావలి, తాతగారూ. బళ్ళో నా ప్రక్కన కూర్చునే అమ్మాయికి కూడా నేర్పాను” అన్నది. ఆ స్నేహితురాలి సంచిలో కూడ గ్లూకోజు పొట్లం ఉంటుందట. నలభై దాటగానే తాతనైపోయానన్న సంగతి అటుంచితే, ఆ పిల్ల మాట నాకు పెద్ద పాఠం. షుగరు పడిపోయేవాడికి ఒక్కొక్కసారి తన స్థితి తనకు తెలియదు. అప్పుడు ప్రక్కనున్నవాడికే ముందు తెలియవచ్చు.

గనుక పాఠకులారా, ఇవి గుర్తుంచుకొనండి. చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, కారణం లేని కోపం, తడబడే మాట, తూలే నడక. ఇన్సులిన్ గాని, కొన్ని రకాల షుగరు మాత్రలు గాని వాడేవారిలో ఇవి కనబడితే తాగుబోతు అని నవ్వకండి. రక్తంలో చక్కెర 70 కంటె తగ్గితే తక్కువే. పరీక్షకు వీలులేకపోతే ఆలస్యం చేయకండి. మూడు నాలుగు చెంచాల పంచదారను అర గ్లాసు నీళ్ళలో కలిపి త్రాగించండి. చాక్లెట్టు, లడ్డు వద్దు, వాటిలోని కొవ్వు వలన చక్కెర ఆలస్యంగా రక్తంలో కలుస్తుంది. పదిహేను నిమిషాలకు తేరుకోకపోతే మరల ఇవ్వండి. తేరుకున్న తరువాత అన్నమో, ఇడ్లీయో పెట్టండి. మాత్రల వలన పడిపోయిన షుగరు కొన్ని గంటల తరువాత మళ్ళీ పడిపోవచ్చు, గనుక డాక్టరుకు చూపించండి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

సౌలు సైన్యమంతటినీ సాయంకాలం వరకు ఏమీ ముట్టవద్దని ఒట్టు పెట్టిన రోజు జ్ఞాపకమున్నదా? జనులు సొమ్మసిల్లిపోయారు. ఆ ఒట్టు సంగతి వినని యోనాతాను తన కర్ర కొనతో కాస్త తేనె తీసుకొని నోట పెట్టుకున్నాడు, అతని కన్నులు తేటపడ్డాయి. ఆ కథ నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. మా పెద్దాయన కళ్ళు పంచదార నీళ్ళతో తేటపడినప్పుడు గాని నాకు అది బోధపడలేదు. ఉపవాసం మంచిదే. అయితే సౌలు ఒట్టు వలె దానిని ఎవరి మెడకూ కట్టకూడదు. ఇప్పుడు మా కూడికలో ముందుగానే చెబుతున్నాను: షుగరుకు మందులు వాడేవారు డాక్టరు నడగకుండా ఉపవాసముండవద్దు. తిని వచ్చి ప్రార్థించినా తక్కువేమీ కాదు. కానుకల సంచి ప్రక్కన ఒక పంచదార డబ్బా కూడ ఉంటున్నది.

మొన్న ఆ పల్లెకు వెళ్ళాను. పెద్దాయన అరుగు మీద కూర్చుని చద్దన్నం తింటున్నాడు. చివరి ముద్ద కుక్కకు పెట్టాడు. ఇప్పుడది కాళ్ళకు అడ్డం పడితే వాళ్ళావిడ కర్ర తీయడం లేదు. ముందు ఆయన ముఖం చూస్తున్నది.