రంగు కింద రంగు

పాత గోడకు పెచ్చు ఊడితే ఎప్పుడైనా పరీక్షగా చూశారా? తెలుపు కింద నీలం, నీలం కింద పసుపు కనిపిస్తాయి. నేను బడిలో పనిచేసే రోజుల్లో అలాంటి గోడ దగ్గర పిల్లలను నిలబెట్టి, ఏ రంగు ముందు వేశారో చెప్పమనేవాణ్ణి. అన్నిటికంటె అడుగున ఉన్నదే మొదటిది. గోడ కూడా పుస్తకమే, చదవటం తెలియాలి.

అలాంటి పెద్ద పుస్తకం ఒకటి ముంబయిలో ఉంది. దాని పేరు రాయల్ ఆపెరా హౌస్. ఆ నాటకశాలను 1911లో అయిదవ జార్జి చక్రవర్తి ప్రారంభించాడు. కట్టడం పూర్తి అయింది మాత్రం 1912లో. అక్కడ బాలగంధర్వ పాడాడు, పృథ్వీరాజ్ కపూర్ నాటకాలు ఆడాడు. టాకీల కాలం రాగానే, 1930ల్లో దాన్ని సినిమా హాలుగా మార్చారు. అప్పుడు హాలుకు రెండు పక్కలా ఉండే బాక్సు సీట్లు పోయాయి. చివరకు 1993లో హాలు మూతపడింది.

ఏళ్ళ తరబడి తాళం వేసిన ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలుసు. దాన్ని పడగొట్టి కొత్తది కట్టటం తేలిక. ఉన్నదానికే తళతళలాడే రంగులు పూయటం ఇంకా తేలిక. ఆభా నారాయణ్ లాంబా అనే వాస్తుశిల్పి ఆ రెండూ చెయ్యలేదు. పొరలు పొరలుగా రంగు గీకించి, అడుగున ఉన్న అసలు రంగు ఏదో తెలుసుకున్నది. పాత ఫోటోలు వెతికి, వాటిని చూసి బాక్సులను తిరిగి కట్టించింది. ఈ కాలానికి కావలసిన చల్లని గాలీ, విద్యుద్దీపాలూ కూడా ఏర్పాటయినాయి. 2016లో తెర మళ్ళీ లేచింది. 2017లో యునెస్కో ఆ పనిని మెచ్చి బహుమతి ఇచ్చింది.

ఇందులో గొప్ప ఏమిటంటారా? చెద తిన్న తాళపత్రం ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. పోయిన అక్షరానికి ఆధారం దొరికితే రాయవచ్చు. కాని, బాగుంది కదా అని కవి రాయని పద్యాన్ని మనం అతికించకూడదు. అది కవి పేరు మీద అబద్ధం చెప్పటమే అవుతుంది. పాత కట్టడాల విషయం కూడా అంతే. ఆధారం ముందు, తాపీ తరవాత.

మీ ఊళ్ళో పాత నాటకాల హాలు గాని, గ్రంథాలయం గాని ఉన్నదా? అయితే అమ్మానాన్నలతో వెళ్ళి అన్ని వైపులనుంచీ ఫోటోలు తియ్యండి. వాటి వెనక తేదీ రాసి దాచండి. రేపు దాన్ని బాగుచెయ్యటానికి వచ్చే మేస్త్రీకి అంతకు మించిన సాయం లేదు.